కంట్రీ పని

బెడోక్, సింగపూర్
12 ఫిబ్రవరి 2000

లియాఖత్ మామూకి ఆమ్నా సలాములు.

ఈసారి కవరు ఇంత లావుగా ఉందేమిటని పోస్టుమాన్ అడిగే ఉంటాడు. లోపల మూడు బొమ్మలున్నాయి, మడత పడకుండా తీయండి. ముందు ఉత్తరం చదివి, తర్వాత బొమ్మలు చూడండి. మీరు ఎప్పుడూ తలకిందులుగా చేస్తారు.

మేం ముగ్గురం బాగున్నాం. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఏడాది పొడవునా బ్యాంకులో రాత్రింబవళ్ళు పనిచేసి, తీరా ఏమీ కాకపోయేసరికి మీ అల్లుడు ఇజాజ్ కాస్త నిరుత్సాహపడ్డట్టే ఉన్నారు. ఈదుకి పెడన వచ్చి వెళ్ళినప్పటి నుంచి ముమానీ చేతి షీర్ ఖుర్మా పాయసం గురించి తప్ప మరో మాట లేదు. ఇమాద్ ఒకటో తరగతిలో చేరాడు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చి చివర ఇక్కడివాళ్ళలా ఒక 'లా' తగిలిస్తాడు.

ఇక అసలు సంగతి. నేను తంజోంగ్ పగార్‌లో కర్టెన్లు, దుప్పట్లు అమ్మే కొట్లో పనిచేస్తున్నానని రాశాను కదా. మా యజమానురాలు మేడమ్ క్వెక్, ఆస్ట్రేలియాలో ఉత్తరపు కొసన సముద్రం ఒడ్డున ఉండే ఒక ఆదివాసీ పెద్దావిడతో మాట్లాడుకుంది. ఆవిడ పేరు మేవిస్. వాళ్ళ ఊళ్ళో పెద్దవాళ్ళని ఆంటీ అంటారట. ఇక్కడ సింగపూర్‌లోనూ అంతే కాబట్టి నాకూ ఆవిడ మేవిస్ ఆంటీయే. మొగలాకులు చీల్చి ఎండబెట్టి చాపలు అల్లుతుంది, బొమ్మలు గీస్తుంది. ఆ బొమ్మలు గుడ్డ మీదికి రావాలి, మెషీను వద్దు, చేత్తో అద్దాలి అంది. నేను నోరు ఊరుకోక మేడమ్ క్వెక్‌తో, మా మామూ ఉన్నారు అన్నాను.

ఒకటి తోకచేప, విసనకర్రలా వెడల్పుగా, కొరడాలాంటి తోకతో ఉండేది. రెండోది ఇసుక మీద తాబేలు నడిచిన జాడ. మూడోది గుండ్రటి చాప. ఇవి ఊరికే గీసినవి కావు మామూ, మూడూ ఆవిడ కంట్రీ. అందుకని కంట్రీగానే ఉండాలి. మనం సాపు చెయ్యకూడదు, ఖాళీ కనిపించిన చోట పువ్వో చిలకో పెట్టకూడదు. ఆవిడ వచ్చి చూసి సరేనంటేనే గుడ్డ బయటికి వస్తుంది. కాదంటే ఒక్క మూర కూడా అమ్మం. పరాయివాళ్ళకి ఎప్పుడూ ఇవ్వని బొమ్మలు, నా మాట నమ్మి ఇచ్చింది. అచ్చులు మీరే చెక్కండి, ఇంకొకరి చేతికి ఇవ్వకండి.

మీ జవాబు కోసం రోజూ కింద పోస్టు డబ్బా తెరిచి చూస్తూ ఉంటాను.

ఆమ్నా

పెడన
1 మార్చి 2000

ఆమ్నా బేటీకి దువాలు.

నీ కవరు అందింది. ముందు బొమ్మలే చూశాను. తర్వాత ఉత్తరం చదివాను. చదవకుండా ఉన్నా బాగుండేది.

కంట్రీగా ఉండాలా? కంట్రీ పెంకులు తెలుసు, కంట్రీ సారా సంగతి విన్నాను. కంట్రీ అద్దకం అంటే ఏమిటో నాకు తెలీదు. నలభై రెండేళ్ళుగా ఉలి పట్టినవాణ్ణి. టేకు చెక్క మీద వెంట్రుక మందం గీత నిలబెట్టినవాణ్ణి. నా బల్ల కింద కూర్చుని ఎక్కాలు వల్లెవేసిన పిల్ల ఇవాళ సింగపూర్ నుంచి, మామూ, మోటుగా చెక్కితే చాలు అని రాసింది!

అసలు నీకెవరు చెప్పారు? ఇజాజ్ ఈదుకి వచ్చినప్పుడు రెండు పూటలు నా పక్కన కూర్చున్నాడు. ఏం చూశాడు, ఏం మోసుకొచ్చి నీ చెవిన వేశాడు? నా మీద జాలిపడి మోటుపని పంపక్కర్లేదు. పని లేకపోతే గిలకలదిండి రేవులో చేపలమ్ముకుంటాను గానీ, దయాధర్మం మీద ఉలి పట్టను.

బొమ్మలు బీరువాలో భద్రంగా పెట్టాను. తిప్పి పంపమంటే పంపుతాను. మీ ముమానీ దువా చెప్పమంది. ఈ ఉత్తరం పోస్టు చెయ్యొద్దని కూడా అంది, అది నీకు అనవసరం.

లియాఖత్

తా.క. ఆ తోకచేప మన రేవులోనూ పడుతుంది. ఆవిడ కన్ను ఎక్కడ ఉండాలో అక్కడే గీసింది. చూసి గీసిన మనిషి.

బెడోక్
14 మార్చి 2000

కోపంగా ఉన్న మామూకి, తప్పు చేసిన ఆమ్నా సలాములు.

మీ ఉత్తరం రైల్లో చదివాను. తంజోంగ్ పగార్ వచ్చినా దిగడం మర్చిపోయి ఏడుస్తూ కూర్చుంటే, పక్కన ఉన్న చైనా ఆంటీ తిండికొట్లుండే హాకర్ సెంటర్లో, బస్సు సీట్లో రుమాలు వేసినట్టు, టేబుల్ చోప్ చేసుకోవడానికి దాచుకున్న టిష్యూ ప్యాకెట్టు మొత్తం నా చేతిలో పెట్టింది.

మోటు అని నేనెక్కడ రాశాను? వాళ్ళన్న మాట వాళ్ళన్నట్టే రాసేశాను. మన ఊళ్ళో కంట్రీ అన్న మాటకి పట్టిన గతి మర్చిపోయాను. వాళ్ళకి కంట్రీ అంటే మోటు కాదు, దేశమూ కాదు. నేనే మేవిస్ ఆంటీని ఫోన్లో అడిగాను. మీ తాతముత్తాతలు ఎక్కడ చేపలు పట్టారో, ఏ నీళ్ళు నిన్ను గుర్తుపడతాయో అదీ కంట్రీ అంది. నేల, సముద్రం, అందులోని చేప, ఒడ్డున మొగలిపొద, అన్నీ చుట్టాలేనట. వాటి మంచిచెడ్డలు వీళ్ళు చూడాలి, వీళ్ళ మంచిచెడ్డలు అవి చూస్తాయి. అందుకే ఆ గీతలు మార్చకూడదు. ఎంత సన్నంగా చెక్కితే అంత మంచిది. సన్నపని కాబట్టే మీకు పంపాను, జాలితో కాదు.

నీ కంట్రీ ఏది అని ఆవిడ నన్నూ అడిగింది. ఇండియా అన్నాను. అది పాస్‌పోర్టులో ఉండేది అంది. కాసేపు ఆలోచించి బందరు కాలవ అన్నాను. అలా చెప్పు మరి అంది.

ఇజాజ్ ఏమీ మోసుకురాలేదు. మీరు రాసింది ఇద్దరం రెండేసి సార్లు చదివాం, ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్నట్టు మీ అక్షరాలేమిటి అంత వంకరటింకరగా ఉన్నాయి? కోపంలో రాశారా, బందరు బస్సులో రాశారా?

చెక్కుతారు కదూ?

ఆమ్నా

పెడన
8 ఏప్రిల్ 2000

కాలవ నీళ్ళ ఆమ్నాకి దువాలు.

ఆ ముక్క మొదటి ఉత్తరంలోనే రాసి ఏడిస్తే నాకు ఇన్నాళ్ళు అన్నం సయించేది. సరే, పోయింది పోనీ. ఈ కవర్లో మూడు గుడ్డముక్కలు పెట్టాను. నలుపు మన పాత పద్ధతిలోదే, ఇనప ముక్కలు బెల్లం నీళ్ళలో నానబెట్టి తీసింది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద బాగా నిలిచింది.

చేప తేలిగ్గానే వచ్చింది. తాబేలు జాడలో రెండువైపుల కాలిగుర్తులు ఒకేలా లేవని ముందు ఆవిడ తప్పనుకున్నాను. తర్వాత గిలకలదిండి వెళ్ళి జాలరులను అడిగితే, తాబేలు గుడ్లు పెట్టి తిరిగి వెళ్ళేటప్పుడు అలాగే పోతుందన్నారు. నా తెలివికి నేనే నవ్వుకున్నాను. చాప దగ్గర మాత్రం ప్రాణం పోయింది. నడుమ నుంచి బయలుదేరి చుట్టూ తిరుగుతూ పోయే గీతలు, సన్ననివి, ఒక్కటి తెగినా చాప విడిపోయినట్టు కనిపిస్తుంది. పదకొండు రోజులు పట్టింది. చుట్టూ ఒక అంచు వెయ్యాలని చెయ్యి పీకింది, అంచు లేని గుడ్డ ఏం గుడ్డ! నీ మాట గుర్తొచ్చి ఊరుకున్నాను.

మూడు అచ్చులూ నా చేతి పనేనని ఆవిడకి రాయి. పేరుతో సహా రాయి. ఇన్నేళ్ళూ మన గుడ్డ బొంబాయి వెళ్ళింది, ఢిల్లీ వెళ్ళింది, ఎవరెవరి పేర్లతోనో అమ్ముడుపోయింది. చెక్కినవాడి పేరు అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు.

నేను బస్సులో రాయలేదు. బాల్‌పెన్ను మంచిది కాదు.

ఇమాద్‌కి ముద్దులు. వాడికి తెలుగు నేర్పు, లేకపోతే నేనొచ్చి 'లా' అనడం నేర్చుకోవాల్సి వస్తుంది.

లియాఖత్

బెడోక్
22 ఏప్రిల్ 2000

మామూ,

సలాం చెప్పడానికి కూడా ఆగలేక రాస్తున్నాను, ఎంత బాగా వచ్చిందో! మేడమ్ క్వెక్ గుడ్డముక్కలు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటు తిప్పి ఇటు తిప్పి చూసి, మీ మావయ్యకి పెళ్ళయిందా అని అడిగింది. ముమానీకి చెప్పకండి. ఇమాద్ తోకచేపని చూసి, "మమ్మీ, దిస్ వన్ మనం తింటాం లా!" అన్నాడు. మా బ్లాకు కింద మలాయ్ ఆంటీ అరిటాకులో కారం పట్టించి కాల్చి అమ్మేది ఈ చేపనే మరి.

మేవిస్ ఆంటీకి కొరియర్లో పంపాను. ఏ అచ్చు ఎవరు చెక్కారో రాసే ఫారం ఒకటుంది. మూడు గళ్ళలోనూ మీ పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. జూన్ మొదటివారంలో ఆవిడ సింగపూర్ వస్తోంది. అద్దకం మొదలుపెట్టేయండి.

మీ పేరు అంత దూరం వెళ్తున్నందుకు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఆమ్నా

బెడోక్
9 మే 2000

మామూకి,

ఈ ఉత్తరం అందగానే చాప అచ్చుతో అద్దడం ఆపేయండి. మీ పక్కింటి వెంకటేశ్వర రావు గారి ఫోను వారం నుంచి పలకడం లేదు, అందుకే స్పీడ్ పోస్టులో పంపిస్తున్నాను.

మేవిస్ ఆంటీ ఫారం చూసి ఫోన్ చేసింది. చేపకి ఏమీ అనలేదు, తాబేలుకీ అనలేదు. చాప దగ్గరికి వచ్చి, ఇది చెక్కింది మగమనిషా అని అడిగింది. అవును, మా మామూ అన్నాను. ఆ చాప వాళ్ళింట్లో ఆడవాళ్ళదట మామూ. అమ్మమ్మ దగ్గర్నుంచి అమ్మకి, అమ్మ దగ్గర్నుంచి కూతురికి. పుట్టిన బిడ్డ మీద కప్పేది. మగవాళ్ళు దాన్ని అల్లరు, గీయరు, చెయ్యి పెట్టరు. ఇన్నాళ్ళూ నాతో మాట్లాడింది నువ్వు కదా, చెక్కేది కూడా మీ ఆడవాళ్ళే అనుకున్నాను, అడక్కపోవడం నా తప్పు అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ అచ్చూ, దాంతో అద్దిన గుడ్డా నాకు ఇచ్చెయ్యండి, మా అప్పచెల్లెళ్ళకి ఏం చెప్పుకోవాలో చూసుకుంటాను, మిగతా రెండూ ఉంచాలో వద్దో అక్కడికి వచ్చాక చెబుతాను అంది.

మా ముమానీ చెక్కింది అని ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయింది అన్నారు ఇజాజ్. నాకూ ఒక నిమిషం నాలుక చివరిదాకా వచ్చింది. ఆడలేకపోయాను. ఆవిడ బిడ్డల మీద కప్పే గుడ్డ అది. దాని మీద అబద్ధం కప్పి ఎవరి కిటికీకి వేలాడదీస్తాను?

మిమ్మల్ని తలుచుకుంటేనే బాధగా ఉంది. నలభై రెండేళ్ళకి మొదటిసారి మీ పని మీద మీ పేరు పడితే, నేనే దాన్ని కొట్టేయమని రాస్తున్నాను. మీ తప్పు ఇసుమంత కూడా లేదు. నన్ను క్షమించండి.

ఆమ్నా

పెడన
18 మే 2000

ఆమ్నా,

వెంకటేశ్వర రావు గారి ఫోను నిన్న బాగైంది. కానీ వాళ్ళ హాల్లో టీవీ చూసే పదిమంది మధ్య నిలబడి నేను చెప్పగలిగిన మాట కాదిది. అందుకని రాస్తున్నాను. నాలుగు కాగితాలు చింపి ఇది అయిదోది.

నువ్వు ఆడని అబద్ధం అబద్ధం కాదు. ఆ చాప అచ్చు చెక్కింది మీ ముమానీయే.

మొన్నటిది కాదు, అంతకు ముందటి రంజాన్ నుంచి నా కుడిచెయ్యి వణుకుతోంది. మొదట ఉపవాసాల నీరసం అనుకున్నాను. పండగ వెళ్ళినా వణుకు వెళ్ళలేదు. ఎవరికీ చెప్పలేదు. మీ ముమానీకి చెప్పక్కర్లేకుండానే తెలిసింది, ఆ సంగతి ఇంట్లో ఎత్తితే నేను లేచి వెళ్ళిపోయేవాణ్ణి. నువ్వు కంట్రీ పని అని రాసినప్పుడు, ఇజాజ్ చూసి నీకు చెప్పాడని, చేతకాని ముసలాడికి తగిన పని వెతికి పంపావని మండిపడ్డాను. ఆ కోపం నీ మీద కాదు బేటీ, ఈ చెయ్యి మీద.

చేప, తాబేలు పెద్ద గీతలు. చెక్కని నా మోకాళ్ళ మధ్య బిగించుకుని, ఎడం చేత్తో కుడిచెయ్యి పట్టుకుని ఎలాగో లాగించాను. చాప దగ్గర రెండు చెక్కలు పాడుచేశాను. మూడోది నా చేతిలోంచి అన్వరి లాక్కుంది. పెళ్ళయినప్పటి నుంచి నా పక్కన కూర్చుని అచ్చులకు నునుపు పెట్టిన మనిషి, ఉలి పట్టడం ఎప్పుడు నేర్చుకుందో నాకే తెలీదు. వంటయ్యాక కూర్చుని పదకొండు రోజులు చెక్కింది. నేను చెయ్యి వెయ్యబోతే, నీ వణుకు దీనికి అంటిస్తావా అని కసిరింది. గుడ్డ మీద అద్దింది కూడా తనూ, మన దగ్గర పనిచేసే అరుణమ్మా. కొత్త అచ్చు, గీతలు విరుగుతాయని మగాళ్ళెవర్నీ బల్ల దగ్గరికి రానివ్వలేదు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఆ కసురే మనల్ని కాపాడింది.

పేరు మాత్రం నాది రాయించాను. మేస్త్రీని కదా. పెళ్ళాం చెక్కిందని చెప్పుకోవడానికి నోరు రాలేదు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు ఇప్పుడు గుచ్చుకుంటోంది.

నేను చెప్పింది ఆవిడ నమ్ముతుందో లేదో. తప్పు దొరికాక చెప్పిన నిజం సాకులాగే వినపడుతుంది. అయినా చెప్పు. నా పేరు కొట్టేయించు.

లియాఖత్

బెడోక్
6 జూన్ 2000

మామూకి, ముమానీకి, ఈసారి ఇద్దరికీ కలిపి సలాములు.

నిన్న ఫోన్లో మీరు సగమే విన్నారు, మిగతా సగం నేను ఏడుస్తూ నవ్వుతూ మింగేశాను. అందుకే మొదట్నుంచి రాస్తున్నాను.

మేవిస్ ఆంటీ నిన్న పొద్దున కొట్టుకి వచ్చింది. పొట్టిగా, తెల్ల జుట్టుతో, చేతిలో మొగలాకు సంచీతో. మేడమ్ క్వెక్ టీ పోస్తే ముట్టలేదు. నేను మీ ఉత్తరం తీసి ఒక్కో వాక్యం చదివి ఇంగ్లీషులో చెప్పాను. చెయ్యి వణుకు సంగతీ దాచలేదు. ఆవిడ నా మొహమే చూస్తూ కూర్చుంది. మీరన్నట్టే, అది సాకులాగే వినపడింది మామూ. నా చెవులకే అలా వినపడింది.

అంతా విని ఒక్కటే అడిగింది. "నడుమ ఉన్న ముడి ఆవిడ ఎప్పుడు చెక్కింది, మొదటా, చివరా?"

నాకు తెలీదు. మీ ఉత్తరంలోనూ లేదు. అందుకే అప్పటికప్పుడు వెంకటేశ్వర రావు గారింటికి ఫోన్ చేశాను, ముమానీని పిలవమన్నాను. స్పీకర్లో ముమానీ గొంతు వినపడగానే ఆవిడ అడిగింది అడిగినట్టు తెలుగులో అడిగాను.

"చివర్నమ్మా. ముందు చెక్కితే చుట్టుపక్కల సుత్తి దెబ్బలకి అది రాలిపోదూ? నడుమ చెక్క అట్టే మొద్దుగా ఉంచేసి, బయటి నుంచి లోపలికి వచ్చా. అల్లేవాళ్ళకేం, వాళ్ళు నడుమ నుంచి మొదలెడతారు. నాకు అలా కుదరదు కదా."

నేను ఇంగ్లీషులో చెప్పేలోపే మేవిస్ ఆంటీ పెదాలు విచ్చుకున్నాయి. మాట తెలియకపోయినా ఆ గొంతులోని ధీమా తెలిసినట్టుంది. చెప్పాక బల్ల మీద అరచేత్తో కొట్టి నవ్వింది. "ఊరికే చెప్పేవాళ్ళయితే మేం అల్లినట్టే నడుమ ముందు అనేవాళ్ళు. చెక్కినవాళ్ళకి తప్ప ఇది ఎవరికీ తెలీదు" అంది. తర్వాత ముమానీ ఎవరి దగ్గర నేర్చుకుందని అడిగింది. చూసి నేర్చుకున్నాను అంది ముమానీ. నేనూ అంతే అంది ఆవిడ.

అప్పుడు టీ తాగింది, మామూ. రెండు కప్పులు.

గుడ్డ మూడు రకాలూ ఉంటాయి. చేప, తాబేలు చీటీల మీద మీ పేరు. చాప మీద ముమానీ పేరు. అది ఎలా రాయాలో ఆమెనే అడిగి చెప్పండి. చాప అచ్చు మాత్రం ఇకమీద ఆడవాళ్ళ చేతుల్లోనే ఉండాలి. పని అయ్యాక అచ్చు మేవిస్ ఆంటీకి వెళ్ళాలి.

ఇజాజ్ విజయవాడలో డాక్టరు పేరు కనుక్కున్నారు, కింద రాశాను. వెళ్ళనంటే నేనే వచ్చి తీసుకెళ్తాను. ఇన్నాళ్ళూ ఒక్కరే ఎలా మోశారు దాన్ని?

ఆమ్నా

పెడన
24 జూన్ 2000

ఆమ్నా బేటీకి అన్వరి బేగం రాయునది.

ఇన్నేళ్ళూ మీ మామూ ఉత్తరం చివర నా దువా రాసి పంపేవారు. ఇప్పుడు నేనే రాస్తున్నాను. చదివింది ఏడో తరగతి, తప్పులుంటే సరిచేసుకో.

డాక్టరు చూశాడు. ప్రాణం మీదికి వచ్చేదేమీ కాదట, చేతి నరాల సంగతి, కొందరికి వస్తుందట. రోజూ ఒక మాత్ర. కొంచెం తగ్గింది, పూర్తిగా తగ్గదన్నాడు. మీ మామూ ఆ మాట విని పెద్ద నిట్టూర్పు విడిచారు. ఇంకేదో పెద్ద జబ్బు అనుకుని ఏడాదిన్నర నుంచి తనలో తాను చస్తూ బతికారని నాకు అప్పుడే తెలిసింది.

పేరు ఎలా రాయాలని అడిగావు. అన్వరి బేగం, వైఫాఫ్ లియాఖత్ అని మీ మామూ రాసి ఇచ్చారు. వైఫాఫ్ కొట్టేయించాను. రేషను కార్డుకి అది కావాలి గానీ, గుడ్డకి ఎందుకు? ఆయన కాసేపు ముఖం ముడుచుకుని, తర్వాత తనే చక్కగా తిరగరాశారు. చక్కగా అంటే ఆయనకి వచ్చినట్టు.

ఇప్పుడు నేను చెక్కుతుంటే పక్కన కూర్చుని, అక్కడ ఎక్కువ తవ్వావు, ఇక్కడ ఉలి వంచు అని చెబుతూ ఉంటారు. సగం పనికొచ్చేవే. మిగతా సగం విననట్టు ఊరుకుంటాను.

నువ్వు ఫోన్ చేసిన రోజు ఏం జరిగిందో ఆయన నీకు రాయరు, నేను రాస్తున్నాను. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే వెంకటేశ్వర రావు గారి హాలంతా మనుషులే. టీవీ కట్టేసి మరీ మమ్మల్ని చూస్తున్నారు. అచ్చులు మీరు చెక్కుతున్నారేమిటమ్మా అని ఎవరో అడిగారు. నేను నోరు తెరిచేలోపు మీ మామూ అందుకున్నారు.

"అవును, ఆమే చెక్కింది. నా చెయ్యి వణుకుతోంది, నాకు చేతకాలేదు" అన్నారు.

అంతే. వెంకటేశ్వర రావు గారి భార్య సీతాదేవి గారు లోపలికి వెళ్ళి టీ తెచ్చింది. ఏడాదిన్నరగా ఈయన పరాయి ఇంట్లో టీ ముట్టలేదు బేటీ. పైత్యం అనేవారు, ఇప్పుడే తాగి వచ్చాను అనేవారు. ఆ రోజు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అందరి ముందూ తాగారు. కొంచెం చొక్కా మీద ఒలికింది. తుడుచుకుని, చక్కెర తక్కువైంది అన్నారు. సీతాదేవి గారు నవ్వుతూ చక్కెర వేసి మళ్ళీ సగం గ్లాసు పోసింది. నేను గోడకి ఆనుకుని నిలబడి, ఆయన ఆ సగం కూడా తాగేదాకా చూశాను.

అన్వరి బేగం